సగం గంటలు

కెమిస్ట్రీ ల్యాబ్ మేడమ్‌ని డీన్ పిలిపించాడు. "మూడు గంటల ల్యాబ్ వర్క్‌లోడ్‌లో గంటన్నర కిందే లెక్క. మీకు గంటలు తగ్గాయి. ఇంకో క్లాసు తీసుకోండి."

"యాసిడ్ మీద పడితే సగమే కాలుతుందా సార్?" అనేసి ఆమె వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం ల్యాబ్ మొదలైన గంటన్నరకే గ్యాస్ కట్టేసి, పిల్లల్ని బయటికి పంపి తాళం వేసింది.

డీన్ పరుగున వచ్చాడు. "ఇంకా సగం టైముంది కదా!"

"అది మీ లెక్కలో లేదు కదా!"

ఆయన తల పట్టుకున్నాడు. "సరే, మీకు మూడు గంటలూ వేస్తాను. నెలాఖరుకి రిటైరయ్యే మనిషితో నాకెందుకు గొడవ?"

"నాకొద్దు సార్. నా తర్వాత వచ్చే అమ్మాయికి వెయ్యండి. తనది కాంట్రాక్టు ఉద్యోగం, నోరెత్తలేదు. మీరు రాసిచ్చాకే తాళం తీస్తాను."