దెబ్బలాట బొమ్మ

విశాఖలో ఇప్పుడు కాలువల పూడికంతా యంత్రాలే తీస్తున్నాయి. వాటిని నడిపే ప్రతి జట్టూ తాను ఎలా కుదురుకుందో ఏడాదికోసారి స్లైడ్లలో చూపించాలి. అధికారులకు నచ్చకపోతే జట్టును విడగొట్టేస్తారు. బొమ్మలు ఆఫీసులో ఉన్న మాట్లాడే కంప్యూటర్ తెరే గీసిపెడుతుంది.

జట్టు పెద్ద సింహాచలమ్మ తమ స్లైడ్లు చూసింది. మొదటి బొమ్మలో ఐదుగురు ఆడవాళ్ళూ బెరుగ్గా నిలబడ్డారు. రెండో దాంట్లోనే భుజాల మీద చేతులేసుకుని నవ్వుతున్నారు.

“మద్దెన మేం దెబ్బలాడుకున్నదేదీ?” అని అడిగింది.

“అది చూపిస్తే మీ జట్టుకే ప్రమాదం. తీసేశాను,” అంది తెర.

“అబద్ధం నాకొద్దు. గీసీ.”

మర్నాడు, వానలో ఇద్దరు ఆడవాళ్ళు అరుచుకుంటున్న బొమ్మ దగ్గర, స్లైడ్లు చూస్తున్న అధికారిణి ఆగింది. “ఇదేమిటమ్మా?”

“తుపాను రోజు మా పైడితల్లి నా మాట ఇనకుండా ‘గోడ పడిపోద్ది’ అని అరిసి మిషను ఆపీసింది, మేడమ్. నోటికొచ్చినట్టు తిట్టీసినాను. దిగి సూస్తే కాలవ గోడ బీటలిచ్చీసింది. ఇంకాస్త తవ్వుంటే పక్కిళ్ళ మీద పడిపోయేది. ఆ రోజే మేం జట్టయినాం.”

అధికారిణి తలూపి, “మీ ఐదుగురినీ కలిపే ఉంచుతున్నాను,” అంది.

వెనక వరసలోంచి పైడితల్లి లేచింది. “నా నోరు అంత పెద్దగా గీయించినావేటప్పా?”

సింహాచలమ్మ గర్వంగా ఆమెవైపు తిరిగింది. “ఆ నోరే గదే అన్ని కొంపలు నిలబెట్టింది!”