నిద్రవేళ తనిఖీ

బడికి గుర్తింపు పోయిన రోజున పిల్లలెవరూ నిద్రపోలేదు.

అది నిరుటి వేసవి. నారిన్ పట్టణం నుంచి వచ్చిన తనిఖీ అధికారి గుల్‌బారా ఎసెనొవ్నా అన్నీ చూసింది. పాటలు బాగున్నాయంది. నేల వెచ్చగా ఉందంది. వంట శుభ్రమంది. నిద్రవేళకు గుడారంలోకి తొంగిచూసింది. ఒక దుప్పటి కింద కిసుక్కున నవ్వు. అది పక్క దుప్పటికి అంటుకుంది. కాసేపటికి గుడారమంతా పకపకలు.

"విశ్రాంతి: లేదు" అని రాసుకుని, తలుపు పక్కన వేలాడే ఇత్తడి గుర్తింపు పలక తీసుకుని ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ పలక కోసం మేకు కొట్టింది బుర్మకన్ వాళ్ళ అక్క. మేత కొండల మీద ఈ పసిపిల్లల బడి పెట్టిందీ ఆవిడే. అక్క ఇప్పుడు లేదు. మేకు ఉంది. బడిని ఇప్పుడు చెల్లెలు బుర్మకన్ నడుపుతోంది.

ఈసారి కూడా గుర్తింపు రాకపోతే గుడారం మడిచేయాలి. గుర్రాల పాలు పితికే తల్లులు మళ్ళీ పసివాళ్ళ నడుముకు తాడు వేసి స్తంభానికి కట్టుకోవాలి. ఆ సంగతి బుర్మకన్‌కు తెలుసు. బడికి పాలు పోసి, పొయ్యి చూసే ముసలి కాపరి ఆసాన్‌కుల్‌కూ తెలుసు.

రేపు రావలసిన ఎసెనొవ్నా ఇవాళే వచ్చింది.

కొండ కింద కారు వాగు దాటుతుండగానే ఆసాన్‌కుల్ చూశాడు.

"అమ్మాయ్! వచ్చేస్తోంది మహాతల్లి!"

"ఇవాళా? ఇప్పుడెలా తాతా?"

"ఆ డొక్కు కారు వాగు దగ్గర్నుంచి ఇక్కడికి ఎక్కేసరికి నాకు ఇంకో గడ్డం మొలుస్తుంది. నువ్వు దుప్పట్లు తియ్యి. మిగతాది నాకొదిలెయ్."

ఎసెనొవ్నా చేరేసరికి గుడారం కప్పు కంత మీద కంబళి లాగి ఉంది. లోపల చీకటి. గోడ వెంట వరసగా దుప్పట్లు. ఒక్కొక్కటీ గుండ్రంగా ఉబ్బి, మెల్లగా పైకీ కిందికీ కదులుతోంది.

గడప దాటబోయి ఆవిడ తూలింది.

"ఏమ్మా, చిన్నప్పుడు మీ కాళ్ళ తాడు తెంచలేదా ఏమిటి?" అన్నాడు ఆసాన్‌కుల్.

తడబడిన వాళ్ళను ఆ కొండల్లో అలాగే ఆటపట్టిస్తారు. తొలి అడుగులు వేసిన బిడ్డ కాళ్ళకు నలుపూ తెలుపూ కలిపి పేనిన ఉన్నితాడు కడతారు. పరుగు పందెంలో గెలిచినవాళ్ళు వచ్చి దాన్ని తెంచుతారు.

"ఆ వేడుకలు ఈ రోజుల్లో ఎవరు చేస్తున్నారు తాతా?"

"భలేవారే! ఇవాళే ఉంది, ఆ గుట్ట అవతల. మా వాళ్ళందరూ అక్కడే."

"అందుకా ఇంత ప్రశాంతంగా ఉంది!"

బుర్మకన్ గొంతు సవరించుకుంది. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు. అక్క నేర్పలేదు.

"మిగతావన్నీ నిరుడే చూశాను. ఇదొక్కటే మిగిలింది," అని గుసగుసగా చెప్పి, ఎసెనొవ్నా మోకాళ్ళ మీద కూర్చుంది. ఎవరో ఒకరు కిసుక్కుమనకపోతారా అని చెవి ఒగ్గింది.

నవ్వు రాలేదు. ఒక దుప్పటి తుమ్మింది. ఇంకో దుప్పటి పక్క దుప్పటిని తన్నింది. తన్నులు తిన్న దుప్పటి కిక్కురుమనలేదు.

"టీకాలు వేయించావా?"

"పోయిన నెలే డాక్టరు కొండెక్కి వచ్చి వేసి వెళ్ళారండి."

"ఏం పెట్టారు?"

"ఇప్పుడే పాలు," అంటూ ఆసాన్‌కుల్ చేతిలోని పాలసీసాను వీపు వెనక్కి జరిపాడు. "పొద్దున అంతా పచ్చటి ఆకే."

"ఆకుకూరలా! మా మనవడికి కట్ట చూపిస్తే చాలు, ఇల్లు ఎగిరిపోతుంది."

"ఇక్కడ వద్దన్న మాటే లేదమ్మా. ఏమరుపాటున ఉంటే మీ టోపీకున్న పువ్వు కూడా మిగలదు."

ఎసెనొవ్నా నోరు మూసుకుని నవ్వింది. నిరుడు పకపకలకు మార్కులు కోసిన మనిషి!

మూల దుప్పటి సన్నగా మూలిగింది.

"పాపం, కల వచ్చినట్టుంది."

"తల్లి మీద బెంగండి," అంది బుర్మకన్, నేల చూస్తూ.

"మరి బయట ఆ గొర్రెలేమిటి, చెవులు చిల్లులు పడేలా?"

"పొదుగులు నిండాయి కదమ్మా," అన్నాడు ఆసాన్‌కుల్.

"ఇంత గోలలోనూ ఒక్కరు లేవలేదే!" ఆవిడ ముచ్చటపడి దగ్గరున్న దుప్పటిని మెల్లగా నిమిరింది. "గట్టి ప్రాణం. బాగా కండ పట్టింది."

బుర్మకన్ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి కాగితం మీద కలం పరుగెడుతోంది.

"విశ్రాంతి: అద్భుతం," అని చదివింది ఎసెనొవ్నా. "జిల్లాలో మిగతా బడులు ఇక్కడికొచ్చి నేర్చుకోవాలని కూడా రాశాను. ఏడాదిలో ఇంత మార్పు ఎలా తెచ్చావమ్మా?"

"నేనేం చేయలేదండి. అంతా తాత చలవ."

"కడుపు నిండి, చీకటి పడితే ఎవరికైనా నిద్రొస్తుందమ్మా," అన్నాడు తాత వినయంగా. "యాభై ఏళ్ళ అనుభవం."

సంచిలోంచి ఇత్తడి పలక బయటికి వచ్చింది. బుర్మకన్ దాన్ని అక్క కొట్టిన మేకుకు తగిలించింది. కొంచెం ఒరిగింది. సరిచేసింది.

కారు మలుపు తిరగ్గానే ఆసాన్‌కుల్ తన తెల్ల టోపీని ఆకాశంలోకి విసిరాడు. అది గుడారం మీద పడింది. బుర్మకన్ నవ్వు ఆపుకోలేక గడ్డిలో కూలబడింది. అక్క పోయాక ఆమె అలా నవ్వడం అదే మొదలు.

ఇక గుట్ట అవతల పరుగు పందెంలో ఉన్న బడి పిల్లలందరినీ వెనక్కి తీసుకురావాలి, అంతకుముందే వాళ్ళ దుప్పట్ల కింద గురకపెడుతున్న గొర్రెపిల్లలను దొడ్డిలో తల్లుల దగ్గరికి తోలాలి. ఆ రెండింటిలో ఏ పనీ ఇంకా కాలేదు.