మామూలు పెట్రోలు

"ముసలి మోటారుకు కొత్త అల్లుడి మర్యాదలు చేస్తున్నావక్కా" అన్నాడు బంకాయన.

రేవులో పడవ నడిపే పడవక్క డబ్బా ముందుకు జరిపి, ఆక్టేన్ ఎక్కువున్న ఖరీదు పెట్రోలే పొయ్యమంది.

ఆమె పడవ వెనక బిగించిన మోటారు ఆమె పెళ్లినాటిది. పక్కనే మామూలు పెట్రోలు దొరుకుతున్నా ఆమె అటు చూడదు. ఎందుకో రేవులో అందరికీ తెలుసు.

కొన్నేళ్ల కిందట ఆమె భర్త అవతలి ఒడ్డు నుంచి ఒంటరిగా తిరిగొస్తూ రేవుకు చేరలేదు. నడినీళ్లలో తేలుతున్న పడవ దొరికింది. మోటారు ఆగి ఉంది, ట్యాంకులో పెట్రోలు ఉంది. మర్నాడు ఆయన శవం దొరికింది.

చవక పెట్రోలుకు మోటారు మొరాయించిందనీ, మళ్లీ స్టార్టు చెయ్యడానికి తాడు లాగబోయి తూలి నీళ్లలో పడ్డాడనీ రేవు తేల్చేసింది. చూసినవాళ్లు ఒక్కరూ లేకపోయినా తీర్పు చెప్పడానికి అందరూ ఉన్నారు. ఆ పొద్దున మామూలు పెట్రోలు తెచ్చి ట్యాంకు నింపింది పడవక్కే. అప్పటినుంచి ఆమె ఒక్కనాడూ కడుపునిండా తినలేదు, కంటినిండా నిద్రపోలేదు.

ఈమధ్య ఒక పెద్దాయన పడవెక్కుతున్నాడు. ఎండున్నా లేకున్నా చంకలో గొడుగుంటుంది కాబట్టి అందరూ గొడుగాయన అనేవాళ్లు. అవతలి ఒడ్డుకు వెళ్తాడు, దిగడు, అదే పడవలో తిరిగొస్తాడు. మోటారు పక్క బల్లమీద కూర్చుని పడవ అంచును రెండు చేతులా పట్టుకుంటాడు. నీళ్లంటే ఇంత భయమున్నవాడు రోజూ ఎందుకొస్తాడో పడవక్కకు అంతుపట్టలేదు. పనీపాటా లేని మనిషి అనుకుని ఊరుకుంది.

ఒకరోజు రేవు దగ్గరపడుతుండగా ఈత కొడుతున్న పిల్లలు పడవకు అడ్డం వచ్చారు. పడవక్క చప్పున ఎర్ర మీట నొక్కి మోటారు ఆపేసింది. నీళ్లలో మనిషి కనబడితే ముందు మోటారు ఆపు, తర్వాతే ఇంకేదైనా; నీళ్లకింద తిరిగే మోటారు పంకా మనిషని చూడదు. భర్త ఆమెకు నేర్పిన మొదటి పాఠం అది.

పిల్లలు పక్కకు వెళ్లాక వెనక్కి తిరిగి చూసింది. గొడుగాయన మొహం చేతుల్లో దాచుకుని ఉన్నాడు.

"కళ్లు తిరుగుతున్నాయా అండీ?"

కాదన్నట్టు తలూపాడు.

అందరూ దిగిపోయినా ఆయన కదల్లేదు.

"అమ్మా, ఈ మోటారుకు మామూలు పెట్రోలు చాలు" అన్నాడు మెల్లగా.

ఎన్నో మోటారు షాపులు తిరిగి కనుక్కున్నాడట. ఆక్టేన్ ఎక్కువుంటే బలం ఎక్కువని కాదట. పెట్రోలును లోపల గట్టిగా అదిమి మండించే ఇంజన్లకే అది కావాలట. ఈ పాత మోటారును తయారుచేసిందే మామూలు పెట్రోలుకట. నిలవ పెట్రోలు పొయ్యకుండా, ఆయిలు సరిగ్గా కలిపి, రబ్బరు పైపులు ఎండిపోకుండా చూసుకుంటే ఇంకేమీ అక్కర్లేదట.

"మీరు మెకానిక్కా?"

"కాదమ్మా."

"మరి ఈ గోల మీకెందుకు?"



"ఆ రోజు మోటారు పెట్రోలు వల్ల ఆగలేదమ్మా."

పడవక్కకు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి తన గుండెకోతను వేలితో కెలికినట్టయింది.

"మీరు చూశారా?"

ఆయన తల దించుకుని గొడుగును గుండెకు హత్తుకున్నాడు.

"చూడనప్పుడు మాట్లాడకూడదండీ. రేపటినుంచి నా పడవ ఎక్కకండి."

ఆయన దిగి వెళ్లాడు. మెట్లమీద ఒకసారి ఆగి వెనక్కి తిరిగాడు. పడవక్క అటు వీపు పెట్టి బల్ల తుడుస్తూనే ఉంది.

ఆయన మళ్లీ రాలేదు.

వానలు పట్టాయి. బంకులో ఖరీదు పెట్రోలు అయిపోయింది, లారీ ఎప్పుడొస్తుందో తెలియదు. పడవ నడవకపోతే అవతలి ఒడ్డువాళ్లకు ఆస్పత్రి లేదు, బడి లేదు. పడవక్క వేరే దారిలేక మామూలు పెట్రోలు పోసింది. ఆ రోజంతా ప్రాణం అరచేతిలో పెట్టుకుని నడిపింది.

మోటారు చిన్న దగ్గైనా దగ్గలేదు. మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే.

గొడుగాయన చెప్పింది నిజమే. మొహం మీదే పొమ్మన్నందుకు ఆమె సిగ్గుపడింది. కనబడితే క్షమించమని అడగాలనుకుని రోజూ మెట్లవైపు చూసేది. సిగ్గుకన్నా పెద్దదింకోటి ఆమెను తొలిచేస్తోంది. పెట్రోలు కాకపోతే, ఆ రోజు మోటారు ఎందుకు ఆగినట్టు?

వానలు వెలిశాక ఒక పొద్దున ఆ గొడుగు మెట్లు దిగి వచ్చింది. పడవక్క గబగబా ఎదురెళ్లింది. గొడుగు కింద ఒక అమ్మాయి ఉంది.

"పడవక్క అంటే మీరేనా అండీ?"

"నేనేనమ్మా. నాన్నగారు రాలేదా? రమ్మని చెప్పు. ఆ రోజు ఏదో నోరు జారాను. నా పక్కనే కూర్చోబెట్టుకుని తీసుకెళ్తాను."

అమ్మాయి గొడుగు ముడిచింది.

"నాన్న పోయారండీ. పోయిన నెల, గుండెపోటుతో."

పడవక్క మెట్టుమీద కూర్చుంది. అమ్మాయి పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. ఆఖరి రోజుల్లో నాన్నది ఒకటే మాటట. పడవావిడ ముందు ఎన్నిసార్లు కూర్చున్నా నోరు పెగల్లేదు, నువ్వైనా వెళ్లి చెప్పమ్మా అని.

"ఏం చెప్పమన్నారమ్మా?"

"ఆ రోజు మోటారు ఆగిపోలేదండీ. అమ్మ పోయిన బాధలో చనిపోదామని దూకి నీళ్లలో కొట్టుకుంటున్న మా నాన్నకు పంకా తగలకూడదని, మీ ఆయనే మీట నొక్కి ఆపి, దూకి, మా నాన్నను ఒడ్డుకు తోసి, తను మునిగిపోయారు."