తొమ్మిదిన్నర మీటింగు

గరివిడి దగ్గర ఓ రైస్‌మిల్లు గేటు ముందు ధాన్యం లారీలన్నీ ఆగిపోయాయి. కొత్త సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టిన రోజే కాటా ఒక బరువు చూపిస్తోంది, కంప్యూటర్ ఇంకో బరువు చూపిస్తోంది.

"ఏటమ్మా ఇది? రైతులు నన్ను దొంగనుకుంతన్నారు!" సాఫ్ట్‌వేర్ పెట్టడానికొచ్చిన యమున మీద మిల్లు ఓనరు అరుస్తుంటే గిరిబాబు అడ్డం వచ్చాడు.

"ఆ అమ్మాయినేటీ అనకండి సార్. టీమ్ లీడర్ని నేను. ఏటున్నా నన్నే అనండి."

తన ఓపిక చూసి గిరిబాబుకే ముచ్చటేసింది. ఈ ప్రాజెక్టు మొదలైన దగ్గర్నుంచీ ఎవరి మీదా గొంతు పెంచలేదు. ఒక్క రోజు కూడా పొద్దుటి మీటింగు మానలేదు. ఎవరి ఇబ్బంది వాళ్లు చెప్పుకోవడానికే కదా అది!

కాటాని కంప్యూటర్‌కి కలిపే పని యమునదే. ఆమె వైపు తిరిగి మెత్తగా అడిగాడు.

"రోజూ తొమ్మిదిన్నరకి కూకుంతన్నాం కదా తల్లీ. ఒక్క ముక్క నాకు సెప్పకపోయావా?"

యమున తలెత్తింది. "నిన్న మీటింగులో నేనేటి సెప్పినాను సార్?"

గిరిబాబుకి నిన్న ఆమె చేతిలోని టీ గ్లాసు గుర్తొచ్చింది. తను తలూపడం గుర్తొచ్చింది. "పర్లేదమ్మా, నిదానంగా సేసుకో" అన్న తన మాట కూడా గుర్తొచ్చింది. ఆమె చెప్పింది మాత్రం ఒక్క ముక్కా గుర్తురాలేదు.

"పోనీ, మొన్న? వారం బట్టీ ఒకటే మాట సెప్తన్నాను సార్."

గిరిబాబుకి చెవులు కాలిపోతున్నాయి. బయట లారీల హారన్లు ఆగడం లేదు.

"సెప్పవయ్యా, ఏటి సెప్పినాది?" ఓనరు నిలదీశాడు.

గిరిబాబు అలవాటుగా తలూపాడు.