చెవిటి కుక్క

దోహా విమానాశ్రయం. కార్గో ఆఫీసులో తెల్లకుక్క బల్ల కింద దూరి, లేవనంటే లేవనని పడుకుంది.

“పెట్టెలోకి దానంతటది ఎక్కాలి. మత్తు సూది వేయనివ్వరు. కాసేపు చూస్తాం, ఎక్కకపోతే ఈ విమానంలో రాదు,” అని ఆఫీసరు తేల్చి చెప్పేశాడు.

అలేఖ్య బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

ఒళ్ళో పెట్టుకుని సీట్లో కూర్చుందామంటే అది అంత చిన్నది కాదు. వదిలి పోదామా అంటే, ల్యాబ్ డ్యూటీ దిగి గది తలుపు తీస్తే ఎదురొచ్చే ప్రాణి అదొక్కటే. ఇప్పుడు జమ్మికుంటలో కొత్త ఉద్యోగం, కొత్త కిరాయి గది. అక్కడా ఉండబోయేది తామిద్దరే.

“స్నోయీ! రా స్నోయీ!”

కుక్క చెవి కూడా కదపలేదు. తెచ్చుకున్న నాటి నుంచీ ఆ పేరుకు అంతే.

సామాన్లు మోసే నీలం చొక్కా మనిషి ఒకాయన ట్రాలీ ఆపి చూస్తున్నాడు. తల నెరిసింది.

“ఎక్కుతలేదా బిడ్డా?”

తెలుగు వినేసరికి అలేఖ్యకు ప్రాణం లేచొచ్చింది.

“లేదు కాకా. దీనికి చెవుడు. పిలిస్తే ఇనపడది.”

“యాడికి తోలుకపోతున్నవ్?”

“జమ్మికుంటకు.”

“అబ్బో! మాది హుజూరాబాదే. నాకంటె ముందుగాల ఇదే ఊరు జూస్తాంది!” నవ్వబోయి ఆగాడు. “చిన్నప్పటి సంది నువ్వే సాదినవా?”

“లేదు. జంతువుల ఆశ్రమంల దొరికింది. లేబర్ క్యాంపుల ఉంచనియ్యలేదని ఎవడో గేటుకు కట్టేసి పోయిండట. గసొంటోళ్ళు మనుషులా కాకా?”

ఆయన దస్తీతో మొహం తుడుచుకున్నాడు.

“మనుషులు గాదు బిడ్డా.”

తర్వాత బల్ల పక్కన గొంతుక్కూర్చుని, కుక్క చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా ఏదో అన్నాడు.

“చెవిటోని ముంగట శంఖమూదినట్టుంది కాకా నీ పని!” అలేఖ్యకు ఆ పరేషాన్‌లోనూ నవ్వొచ్చింది.

కుక్క లేచింది.

ఆయన వెంట తోక ఊపుకుంటూ నడిచి పెట్టెలోకి పోయింది. ఒక చుట్టు తిరిగి పడుకుంది.

ఆయన తన దస్తీని మడతపెట్టి దాని మూతి కింద పెట్టాడు.

“వద్దొద్దు! చెమట కంపు!” అలేఖ్య దస్తీని బయటికి లాగి ట్రాలీ మీద పడేసింది.

లోపల కుక్క మూలిగింది.

“ఔను బిడ్డా, నాకు సోయి లేదు,” అంటూ ఆయన దస్తీని భుజాన వేసుకున్నాడు. “జర పైలం.”

ఆ మాట తనకు చెప్పాడో కుక్కకు చెప్పాడో అలేఖ్యకు అర్థం కాలేదు. టైమైపోతోందన్న తొందరలో పేరైనా అడగలేదు.

జమ్మికుంట వచ్చాక ఒకరోజు కుక్కను తీసుకుని మార్కెట్ యార్డు ముందు నుంచి నడుస్తోంది. ట్రాక్టర్ ట్రాలీలు బారులు తీరి ఉన్నాయి. హమాలీ ఒకాయన నోటికి చేతులడ్డం పెట్టి అరిచాడు.

“పత్తీ! ఇంకో పత్తి బండి రానియ్యుండ్రి!”

కుక్క గబుక్కున తలెత్తింది. అలేఖ్య చేతిలోంచి తాడు జారేలా గుంజుకుని అతని దగ్గరికి ఉరికింది. కాళ్ళు వాసన చూసింది. చేతులు వాసన చూసింది. కాదని తెలిసి తోక దించేసింది.

“గిదేంది చెల్లె, పేరువెట్టి పిలిచినట్టే ఉరికొచ్చె!” హమాలీ నవ్వాడు.

అలేఖ్య రెండడుగులు వెనక్కి వేసింది.

“పత్తీ...” అంది మెల్లగా.

కుక్క తిరిగి చూసింది, ఆమెను కాదు, ఆమె వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని.

దోహాలో తను కంపు అని లాగి పారేసిన దస్తీ, ఈ కుక్కను గేటుకు కట్టేసి పోయినాయనది.