డిష్షు మెకానిక్ హస్తవాసి

డాబాలెక్కి డిష్షులు తిప్పుకునేవాడికి పిల్లనిచ్చేది లేదని ఆదివారం నాడు తల్లి తేల్చి చెప్పేసింది. ఏసీ గదిలో కంప్యూటర్ల ముందు కూర్చునే తన కూతురికి, ఎండలో నిచ్చెన మోసుకు తిరిగేవాడేమిటని ఆవిడ బాధ. కూతురు ఎదురు చెప్పలేదు. భోజనం చేసి, గిన్నెలు కూడా తనే కడిగింది. గొడవ ఇంత తేలిగ్గా తీరినందుకు తల్లి హాయిగా నిద్రపోయింది.

సోమవారం పదకొండూ నలభైకి సీరియల్ మంచి పట్టులో ఉంది. కోడలు బీరువా తెరవబోతోంది. బొమ్మ ముక్కలు ముక్కలై ఆగిపోయింది. ఆనక అదీ పోయి, సిగ్నల్ లేదని తెర మీద పడింది.

పక్కింట్లో వస్తోందేమో కనుక్కుందామంటే ఆవిడతో మాటల్లేక రెండేళ్ళయింది. ఎదురింటివాళ్ళు తాళం వేసుకుని ఆఫీసులకు పోయారు. కూతురికి ఫోన్ చేసింది. కంపెనీవాళ్ళు రావడానికి రెండ్రోజులు పడుతుంది, వెంటనే వచ్చేవాడు ఒక్కడే ఉన్నాడు, వాడేమో నీకు నచ్చడు అంది కూతురు.

పంతానికీ సీరియల్‌కీ మధ్య ఆవిడ అర నిమిషం నలిగింది.

"సరే, రమ్మను. రిపేరు మటుకే."

రెండు నిమిషాల్లో వచ్చాడు. ఈ వీధిలోనే పని ఉందట. డాబా ఎక్కి డిష్షు మీద చెయ్యి వేసి, నాడి చూసే వైద్యుడిలా వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. కాసేపటికి, "ఇప్పుడు చూడండి ఆంటీ" అన్నాడు. బొమ్మ వచ్చింది. బీరువా తెరవడం అయిపోయింది గానీ, రేపు ఎలాగూ మళ్ళీ చూపిస్తారు.

మంగళవారం అదే వేళకి మళ్ళీ పోయింది. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ చెయ్యి వేశాడు. రోజూ ఇదేం రోగమని ఆవిడ అడిగింది.

"ఒక్కసారిగా తగ్గేది కాదండీ. రేపు ఇంకాస్త ఎక్కువసేపు పోతుంది. ఎల్లుండి నుంచి తగ్గుముఖం. శనివారానికి పూర్తిగా నయం."

అచ్చం అలాగే జరుగుతూ వచ్చింది.

మొదటిరోజు గుమ్మం దగ్గర స్టూలు చూపించిన ఆవిడ రెండోరోజు కుర్చీ వేసింది. మూడోరోజు సోఫా, ఫ్యాను, టీ. నాలుగోరోజుకు "ఏమయ్యా" కాస్తా "బాబూ" అయింది. ఆవిడ అక్కచెల్లెళ్ళ అల్లుళ్ళందరూ పెద్ద చదువులవాళ్ళే. ఒక్కడికీ బల్బు మార్చడం రాదు.

కూతురు మటుకు అతని ఊసే ఎత్తలేదు. రోజూ సాయంత్రం తల్లే ఎత్తింది.

శుక్రవారం బొమ్మ పోయిన రెండు నిమిషాలకే వచ్చేసింది. అతను సోఫాలో టీ తాగుతుండగా, అతని ఎదుటే ఆవిడ కూతురికి ఫోన్ కలిపింది.

"ఆదివారం వాళ్ళమ్మానాన్నల్ని రమ్మను."

"ఎవరి అమ్మానాన్నల్నమ్మా?"

"ఏమీ తెలియనట్టు మాట్లాడకే. ఇలాంటి హస్తవాసి ఉన్నవాణ్ణి ఎవరైనా వదులుకుంటారా?"

అతను కప్పు కింద పెట్టి, "వస్తానత్తయ్యా" అని వినయంగా సెలవు తీసుకున్నాడు.

వీధి మలుపు తిరిగాక జేబులోంచి ఒక కాగితం తీసి నాలుగు ముక్కలుగా చింపేశాడు: ఏటా ఈ రోజుల్లో సూర్యుడు సరిగ్గా టీవీ బొమ్మలు పంపే ఉపగ్రహం వెనక్కొచ్చి నిలబడి, తన ధాటితో సిగ్నల్‌ని ముంచేసి, ఏ రోజు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఊరందరి టీవీలూ ఆపేసి తప్పుకుంటాడో, ఆ ఉపగ్రహాన్ని రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉండే ఆఫీసులో కూర్చుని అమ్మాయి తన చేత్తో రాసిచ్చిన పట్టిక అది.