మూడు వందల మీటర్లు

గనుల శాఖ ఇన్‌స్పెక్టరమ్మ టేపు కొసను ఇంటి మూలకు ఆనించగానే పెద్దాయన ఆదరాబాదరాగా వచ్చాడు.

"అక్కణ్ణించి కాదమ్మా. పెరటి తడిక చివర్నించి కొలవండి."

"ఇల్లంటే గోడ వరకే బాబాయ్‌గారూ. పెరడు లెక్కలోకి రాదు."

తడిక బయట నుంచి టేపు సాగింది. యాభై మీటర్ల టేపు ఆరుసార్లు పరిచినా క్వారీ గుంత అంచు ఇంకా నాలుగు మీటర్ల దూరంలో ఉంది. మనుషులు ఉంటున్న ఇంటికి మూడు వందల మీటర్ల లోపు రాయి పేల్చకూడదని రూలు. అంటే క్వారీకి మిగిలింది ఆ నాలుగు మీటర్లే. మంచి రాయేమో అంతా ఈ ఇంటివైపే ఉంది.

"ఈ ఇల్లు మాకు పంటి కింద రాయి మేడమ్," అన్నాడు వెంట వచ్చిన క్వారీ మేనేజర్. "వేరే ఇల్లు చూపిస్తామన్నా వినడు. ఈయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు."

"మీరు జీపు దగ్గర ఉండండి," అని ఆమె లోపలికి నడిచింది.

పాత ఇన్‌స్పెక్టర్ అసలు జీపు దిగేవాడు కాదు. కూర్చున్నచోటే సంతకం గిలికి పోయేవాడు. ఈమె అలాంటి మనిషి కాదు. రెండు గదులూ చూసింది. గోడకి చెయ్యి పట్టేంత బీట. దూలం ఒక పక్కకి ఒరిగింది. మంచం మీద సున్నం పెళ్లలు రాలి ఉన్నాయి.

"ఎంతమంది ఉంటున్నారు?"

"ఇద్దరం. నేనూ, మా పాపా."

ఆమె ఫారంలో 'రెండు' అని రాసింది.

"పాప ఏదీ?"

"పెరట్లోనే ఉంటుందమ్మా. కొత్తవాళ్ల ముందుకి రాదు." ఆమెకేసి తిరిగి అడిగాడు. "నీ వయసెంత తల్లీ?"

"ముప్ఫై నాలుగు."

"మా పాపదీ నీ ఈడే," అని ఆమెను కళ్లార్పకుండా చూశాడు.

ఆమె తరిచి అడగలేదు. ఇంత వయసొచ్చిన కూతుర్ని ఇంకా పాప అంటున్నాడంటే ఒంట్లోనో బుద్ధిలోనో ఏదో లోపం ఉండి ఉంటుందనుకుంది. తడిక తలుపు మూసే ఉంది. తొంగి చూడటం మర్యాద కాదనుకుంది.

"పేలుళ్లకి భయపడుతుందా?"

"చప్పుడంటే హడల్. ఇంత దూరంలో అయితే పర్లేదు." ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "నేనూ ఆ క్వారీలోనే చేశానమ్మా. వత్తి అంటించేవాణ్ణి. ఒకరోజు జనాన్ని తప్పుకోమనే విజిల్ వెయ్యకుండా అంటించాను. మర్నాటి నుంచి మళ్లీ ఆ గుంతలోకి దిగలేదు."

తర్వాత ఆమె చేతిలోని పుస్తకం వైపు చూపించాడు.

"దేని దేనికి దూరం ఉండాలో అందులో రాశారంట కదా. ఓసారి చదువుతావా?"

చదివింది. ఇల్లు, బడి, ఆస్పత్రి, రోడ్డు, మంచినీళ్ల బావి, కరెంటు లైను.

"ఇంకేం లేవా?"

"ఇంకేం లేవు."

"ఇంకోసారి చూడమ్మా. ఎవరొచ్చినా అడుగుతుంటాను. కొత్తగా ఏమన్నా కలిపారేమోనని."

మళ్లీ చూసింది. లేవు.

ఆఫీసుకి వెళ్లినా ఆ దూలం ఆమె కళ్ల ముందు నుంచి కదల్లేదు. మేనేజర్ ఇవ్వబోయిన టీ కూడా తాగని మనిషి, తనంతట తనే రిపోర్టు రాసింది. ఇల్లు నివాసానికి పనికిరాదు, ఇద్దరినీ వెంటనే తరలించాలి. నాలుగు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, మెట్లెక్కే పని లేకుండా కింది అంతస్తులో ఇల్లు ఇప్పించింది. అంతా మంచి మనసుతోనే చేసింది. ఆమెను ఎవరం తప్పు పట్టలేం.

నోటీసు పట్టుకుని పెద్దాయన ఆఫీసుకొచ్చాడు.

"ఆ రాసింది కొట్టెయ్యి తల్లీ. దూలం నా మీద పడితే పడనీ."

"మరి పాప మీద పడితే?"

ఆయన చేతిలోని నోటీసు మడిచాడు.

"ఇల్లు ఖాళీ అయితే ఆ మూడు వందల మీటర్లు...?"

"మనుషులు లేని ఇంటికి రూలేముంది బాబాయ్‌గారూ? తర్వాత వాళ్లు గోడ దాకా తవ్వుకుంటే మనకేం? మీరు దూరంగా హాయిగా ఉంటారు."

పెద్దాయన గుమ్మంలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఉన్న ఇంటి మీద మమకారం అలాంటిది మరి, అనుకుంది ఆమె. ఆమెకూ కళ్లు తడిశాయి.

ఖాళీ చేసే రోజు తనే దగ్గరుండి సామాను ఎక్కించింది. మంచం, పొయ్యి, ట్రంకుపెట్టె. వ్యాను సగం కూడా నిండలేదు. ముందు సీటు పాప కోసమని తన చున్నీతో తుడిచింది. అవతల క్వారీ డ్రిల్లింగ్ బండి ఇంజనైనా ఆపకుండా కాచుకుని ఉంది.

"పాపని తీసుకురండి, బయల్దేరదాం."

పెద్దాయన కదల్లేదు. తడిక పట్టుకుని నిలబడ్డాడు.

"పోనీ నేను పిలుస్తాలెండి. నా ఈడుదేగా, నా మాట వింటుంది," అంటూ ఆమె నవ్వుతూ తడిక తలుపు తోసుకుని పెరట్లోకి వెళ్లింది.

శుభ్రంగా ఊడ్చిన పెరట్లో, తడిక చివర, మోకాలెత్తు రాయి ఒక్కటే నిలబడి ఉంది. దాని మీద ఉలితో చెక్కిన పుట్టిన సంవత్సరం ఆమెదే, దాని కింద రెండే మాటలు: 'వయసు ఆరేళ్లు'.